రాజుగారి త్రేన్పు

ఒకానొక రాజ్యంలో రణకేసరి దేవుడనే రాజు ఉండేవాడు. రాజ్యం పేరు చెబితే అక్కడివాళ్లు ఇప్పటికీ నొచ్చుకుంటారు కాబట్టి చెప్పను. రాజు నిలువెత్తు మనిషి, నిమ్మకాయ నిలబడే మీసం. ఆయన బిరుదులన్నీ చదవాలంటే వందిమాగధులు మధ్యలో ఆగి మంచినీళ్లు తాగాల్సి వచ్చేది. యుద్ధంలో ఎవరికీ వెన్ను చూపలేదు. అలాంటివాణ్ణి ఓడించింది ఆయన సొంత కడుపే.

ఆ కోటలో తాతల నాటి ఆచారం ఒకటుంది. రాజు భోంచేసి తృప్తిగా త్రేన్చగానే గుమ్మం దగ్గర కాచుకున్నవాడు శంఖం ఊదాలి. ఆ శంఖం వినబడ్డాకే, రాణిగారు మొదలుకొని గుర్రాలకు దాణా వేసేవాడి దాకా, కోటలో ఎవరైనా విస్తరి ముందు కూర్చోవాలి. రాజు కడుపు నిండకుండా మనం తినడమేమిటని ఏ ముత్తాత కొలువులోనో పెట్టిన మర్యాద ఇది. ఆ ముత్తాతగారికి రాళ్లు తిన్నా అరిగే కడుపు. ఆచారం పెట్టేవాళ్లు వెనక వచ్చేవాళ్ల కడుపు సంగతి ఎప్పుడు ఆలోచించారు గనక?

రణకేసరి దేవుడికి త్రేన్పు రావడం మానేసింది. తినగానే కడుపు నగారాలా ఉబ్బేది. గుండె కింద నిప్పులు పోసినట్టు ఉండేది. పుల్లటి నీళ్లు గొంతు దాకా ఎగదన్నేవి గాని, శంఖానికి నోచుకున్న అసలు సిసలు త్రేన్పు మాత్రం రాదు. ఆయన పట్టెమంచం మీద అటూ ఇటూ దొర్లుతుంటే, శంఖంవాడు శంఖం మూతి దగ్గర పెట్టుకుని చెవులు రిక్కించి నిలబడేవాడు. పొద్దు వాలిపోయేది. కోటంతా ఆకలితో నకనకలాడేది. మంత్రులు తలపాగాల్లో అటుకులు దాచుకొస్తున్నారని, సేనాపతి ఒరలో కత్తి తీసేసి చెరుకుగడ పెట్టుకున్నాడని చెప్పుకునేవారు. అబద్ధమనుకోను.

ఆ జబ్బుకి పేరు లేదా అంటే ఉంది. కడుపుమంట. చిన్నపిల్లలకైనా తెలిసిన మాట. అయితే ఈ మాటకి మనవాళ్లు ఇంకో అర్థం కూడా పెట్టుకున్నారు, అదీ చిన్నపిల్లలకి తెలిసిందే. ఒకనాడు అంతఃపురంలో ఒక దాసి, పాపం మనసులో ఏమీ లేకుండానే, "ప్రభువులవారికి కడుపుమంటగా ఉందిట" అంది. పక్కనున్న దాసి ఠక్కున "ఎవరి మీద?" అంది. ఆ నవ్వు గోడలు దాటి రాజుగారి చెవిన పడింది. అంతే, ఆ మాట పలికినవాళ్లకి కొరడా దెబ్బలని చాటింపు వేయించారు. అప్పట్నించి కొలువులో ఆ జబ్బుని ఉదరాగ్ని ప్రకోపం అనేవారు. పేరు పెద్దదయ్యింది, మంట మాత్రం తగ్గలేదు.

ఆ కొలువులో బయ్యన అనే చమత్కారి ఒకడున్నాడు. పొట్టివాడు, నోటి దురుసువాడు, మహా భోజనప్రియుడు. నవ్వించడం అతని ఉద్యోగం. ఖాళీ కడుపుతో ఎదటివాణ్ణి నవ్వించడమంత నరకం ఇంకోటి లేదని అతనికి ఆ రోజుల్లోనే తెలిసొచ్చింది. ఆకలి వల్ల అతని చూపు పదునెక్కింది. రాజుగారి భోజనం వేళ ఒక స్తంభానికి ఆనుకుని, ఆయన విస్తరి వైపే చూస్తూ ఉండేవాడు. చూడగా చూడగా అతనికి ఒక సంగతి పట్టుబడింది.

రాజుగారు ఊరికే భోంచెయ్యరు. అన్నం తింటూ కొలువు తీరుస్తారు. దాన్ని భోజనకొలువు అనేవారు. మిగతా రాజులు తినేటప్పుడు తింటారు, మేము తినేటప్పుడు కూడా ఏలుతాం అని ఆయన గొప్ప. పప్పూ నెయ్యీ కలుపుకుంటుండగా వేగులవాళ్లు ఒక్కొక్కడే వచ్చి ఏటవతలి రాజు అనంగభూపతి కబుర్లు విన్నవించేవారు. ఆయన ఏనుగు మనదానికంటే జానెడు ఎత్తుట. ఆయన కొత్తగా కట్టించిన గోపురం మీంచి చూస్తే మన కోట కోళ్లగూడులా కనిపిస్తుందిట. ఆయన మీసం మీద నిమ్మకాయ కాదు, దబ్బకాయ నిలబడుతుందిట. ఆ మాట విన్న రోజున రాజుగారు ముద్ద నమలడం మరిచిపోయి గుటుక్కున మింగేశారు. ఆనక సాయంత్రం దాకా కోటలో ఎవరికీ తిండి లేదు.

ఇది బయ్యన ఒక్కడికే తెలుసనుకోకండి. ఆస్థాన వైద్యుడు విరూపాక్ష పండితుడికీ తెలుసు. కోపంతోనో అసూయతోనో తిన్న అన్నం వంటికి పట్టదని ఆయన చదివిన శాస్త్రంలోనే ఉంది. కాని ఆ పుట దగ్గరికి వచ్చేసరికి పండితుడికి చూపు మందగించేది. ప్రభువులకి అసూయ అని చెప్పడానికి గుండె కావాలి, ఆయన దగ్గర చూర్ణాలే ఉన్నాయి. ఒక చూర్ణం పనిచెయ్యకపోతే రెండోది, అది కుదరకపోతే కషాయం, ఆపైన లేహ్యం. చివరికి రాజుగారు అన్నం కంటే మందులే ఎక్కువ తినేవారు. మందుల పెట్టె అడుగంటాక, తన మెడ కాపాడుకోవడానికి, పండితుడు కొలువులో గొంతు సవరించుకుని, దోషం మందులో లేదని, వండే చేతిలో ఉందని అనేశాడు.

వండే చెయ్యి తిప్పాభొట్లుది. రాజుగారి తండ్రి కాలం నుంచి వంటశాల పెద్ద ఆయనే. రాజుగారికి పాలబువ్వ కలిపిన చెయ్యి కూడా అదే. అయినా రణకేసరి దేవుడు ఒక్క క్షణం ఆలోచించలేదు. వచ్చే పున్నమిలోగా మాకు త్రేన్పు రాకపోతే ఆ చెయ్యి నరికించండి అన్నారు.

బయ్యన వంటశాలకి పరుగెత్తాడు. తిప్పాభొట్లు ఏడుస్తూ ఉంటాడనుకున్నాడు. ఏడవడం లేదు. కుడిచెయ్యి ఉత్తరీయంలో చుట్టుకుని, ఎడమచేత్తో పులుసు గరిటె తిప్పుతున్నాడు. సగం పులుసు పొయ్యిలో పడుతోంది.

"ఏం చేస్తున్నావు బాబాయ్?"

"అలవాటు చేసుకుంటున్నాన్రా అబ్బాయ్," అన్నాడు ముసలాయన. "తర్వాతైనా వండుకు తినాలిగా."

బయ్యనకి నిజంగా దుఃఖం వచ్చింది. ఆకలి కూడా మరిచిపోయాడు. ముసలాయన చేతిలోంచి గరిటె లాక్కుని, దాన్ని ఆయన కుడిచేతిలోనే పెట్టి, గిర్రున వెనక్కి తిరిగి కొలువుకి వెళ్లాడు.

అక్కడ అందరూ ఉండగానే చేతులు కట్టుకుని, దోషం వంటవాడి చేతిలో లేదని, ఏలినవారి చెవిలో ఉందని విన్నవించాడు. ముందుగా రాజుగారి మీసం అదిరింది.

"మేము చెవితో తింటున్నామా బయ్యనా?"

"నోటితో తినేది తమరే ప్రభూ. చెవితో తినేది తమ కడుపు. దానికి చెవులున్నాయి."

విరూపాక్ష పండితుడు పెద్దగా నవ్వాడు. కడుపుకి చెవులున్నాయని ఏ శాస్త్రంలో ఉందో చూపించమన్నాడు. చూపించాల్సిన పుట తమకే కనిపించడం లేదు కదా అని బయ్యన అనబోయి, ఎందుకో ఊరుకున్నాడు. రాజుగారు మాత్రం నవ్వలేదు. నిరూపించమన్నారు. నిరూపించలేకపోతే తిప్పాభొట్లు చేతితో పాటు నీ నాలుక కూడా కోయిస్తాం అన్నారు. నవ్వించేవాడికి నాలుక, వండేవాడికి చెయ్యి. రాజుగారికి ఎవరిదేది కొయ్యాలో బాగా తెలుసు.

బయ్యన ఒప్పుకుని ఒక కోరిక కోరాడు. కాశీ నుంచి గొప్ప వంటవాడు ఒకాయన వచ్చాడని, రాజుగారు ఒక్క పూట ఆయన వంట తినాలని. అయితే ఆ వంటవాడికి కొన్ని నియమాలున్నాయి. వడ్డన భోజనశాలలో కాదు, పట్టపుటేనుగు కొట్టంలో. అక్కడికి పల్లకీలో కాదు, నడిచి రావాలి. తినేవారి ముందు వంటవాడు కనిపించడు.

"ఏనుగు కొట్టంలోనా?" అన్నారు రాజుగారు.

"కాశీవాళ్ల పద్ధతులు మనకేం తెలుస్తాయి ప్రభూ," అన్నాడు బయ్యన. కాశీ అన్నాక ఎవరూ ఎదురు చెప్పలేదు. పండితుడు కూడా తెలిసినట్టే తలూపాడు.

కొట్టాన్ని బయ్యన ఊరికే ఎంచుకోలేదు. పట్టపుటేనుగు భద్రకి వేగులవాళ్లంటే గిట్టదు. వాళ్లలో ఒకడెవడో దాని ముందున్న చెరుకుగడ ఎత్తుకుపోయినప్పట్నించి, వేగులవాడు గుమ్మంలో కనిపిస్తే చాలు తొండంతో బురదనీళ్లు చిమ్మేది. కాబట్టి ఆ చుట్టుపక్కలకి కబురు చేరవేసేవాడు ఒక్కడూ రాడు.

మర్నాడు రాజుగారు నడిచి వెళ్లారు. కోట ఇవతలి కొస నుంచి అవతలి కొసకి నడవడం ఆయనకి పట్టాభిషేకం తర్వాత అదే మొదలు. దారిలో వేపపూత వాసన వేసింది. మామిడిచెట్టు కింద ఆగి, ఇది ఎప్పుడు ఇంత పెరిగిందని అడిగారు. కొట్టం చేరేసరికి ఆయనకి ఆకలేసింది. మందువేళ అని తినడం కాదు, అచ్చంగా ఆకలి.

కొట్టం ముందు భాగం కడిగి, ముగ్గేసి, అరిటాకు పరిచి ఉంచాడు బయ్యన. పండితుడు ముక్కు మీద ఉత్తరీయం కప్పుకుని ఓ మూల నిలబడ్డాడు. శంఖంవాడు ఆచారం ప్రకారం గుమ్మం బయట నిలబడ్డాడు. వడ్డించినవి పెసరకట్టు, బీరకాయ కూర, మిరియాల చారు, చిక్కటి మజ్జిగ. ఇంతేనా అన్నట్టు రాజుగారు చూశారు. తర్వాత తినడం మొదలుపెట్టారు.

ఎదురుగా భద్ర పచ్చగడ్డి నములుతోంది. ఏనుగు నమలడం మీరెప్పుడైనా చూశారో లేదో, దానికి రాజ్యం లేదు, తొందర లేదు. రాజుగారు దాన్నే చూస్తూ, తనకి తెలియకుండానే దానితో పాటు నమలడం మొదలుపెట్టారు. బయ్యన పక్కన కూర్చుని, వాళ్ల అత్తగారు పిల్లి అనుకుని పక్కింటివాళ్ల మేకపిల్లని చంకనెత్తుకొచ్చి పాలు పోసిన వైనం చెప్పాడు. రాజుగారు ఫక్కున నవ్వి, ఇంకొంచెం కూర వెయ్యమన్నారు. అడిగి కూర వేయించుకోవడం చూసి పండితుడి ముక్కు మీది ఉత్తరీయం జారిపోయింది.

మజ్జిగన్నం అయ్యింది. చెయ్యి కడుక్కుని రాజుగారు స్తంభానికి ఆనుకున్నారు. మంట లేదు. ఉబ్బరం లేదు. కళ్లు మూతలు పడుతున్నాయి. మీసం కూడా కాస్త వాలింది. అలా కాసేపు గడిచాక ఆయన ఛాతీలో ఏదో కదిలింది. కడుపు అడుగునుంచి మెల్లగా, రాజఠీవితో, పైకి బయల్దేరింది. బయట శంఖంవాడు శంఖం మూతికి ఆనించాడు. అందరూ ఊపిరి బిగబట్టారు.

సరిగ్గా అప్పుడు బయ్యన వంగి రాజుగారి చెవిలో, "ప్రభూ, చెప్పడం మరిచాను. నిన్న ఏటవతలి రాజుగారికి ఇంకో బిరుదు ఇచ్చారట. తమకంటే ఒకటి ఎక్కువైంది," అన్నాడు.

గొంతు దాకా వచ్చిన త్రేన్పు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

రాజుగారి కళ్లు తెరుచుకున్నాయి. మొహం జేవురించింది. చెయ్యి గుండె కిందికి పోయింది. కడుపు బిగుసుకుని, నిప్పు రాజుకుని, పుల్లటి నీళ్లు నోట్లోకి వచ్చాయి. విషం పెట్టాడని, ఆ కాశీవాణ్ణి పట్టుకోమని అరిచారు. భటులు కొట్టం వెనక్కి పరుగెత్తి, అక్కడ పొయ్యి దగ్గరున్న మనిషిని రెక్కపట్టి ఈడ్చుకొచ్చారు.

ఆ మనిషి తిప్పాభొట్లు. కుడిచేతిలో గరిటె అలాగే ఉంది.

పండితుడి మొహం వెలిగిపోయింది. చూశారా ప్రభూ, అదే చెయ్యి, అదే దోషం అన్నాడు. రాజుగారు కత్తి తెమ్మన్నారు. తిప్పాభొట్లు కుడిచెయ్యి ముందుకి చాచి, కళ్లు మూసుకున్నాడు. బయ్యనకి ఇంతసేపూ ఆడిన ఆట ఒక్కసారిగా ఆటలా అనిపించలేదు. అతను వెళ్లి ఆ చేతికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏలినవారు ఒక్క మాటకి బదులు చెప్పి, ఆ తర్వాత నరికించండి. అన్నం తిని లేచినప్పుడు కడుపు ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"స్తంభానికి ఆనుకున్నప్పుడు?"

"బాగానే ఉంది."

"మరి మంట ఎప్పుడు మొదలైంది?"

రాజుగారి చెయ్యి చెవి మీదికి పోయింది.

"నేను చెప్పింది తమ చెవికి ప్రభూ," అన్నాడు బయ్యన. "కడుపుకి ఎవరు చెప్పారు?"

రాజుగారు తల వంచి తన పొట్ట వైపు చూసుకున్నారు. ఇన్నాళ్లూ కొలువులో తనకి తెలియకుండా ఇంకొకడెవడో కూర్చుని, అన్నీ విని, లోపల లోపల ఉడికిపోతున్నట్టు ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది.

"అయితే మాది," అన్నారు చివరికి, చాలా నెమ్మదిగా, "కడుపుమంటేనంటావు."

ఎవరికి వారు తలలు దించుకున్నారు. చాటింపు వేయించి అణిచేసిన మాటని రాజుగారు సొంత నోటితో పలికారు. విరూపాక్ష పండితుడికి ఒక్కసారిగా చూపు వచ్చేసింది. అవును ప్రభూ, శాస్త్రంలో స్పష్టంగా ఉంది, అసూయతో తిన్నది అరగదు, నేను ఎప్పట్నించో మనవి చేద్దామనుకుంటున్నాను అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. రాజుగారు ఆయన్ని ఒక చూపు చూశారు. ఆయన మళ్లీ ఉత్తరీయం ముక్కు మీద కప్పుకున్నాడు.

"ఆ బిరుదు సంగతి?" అని అడిగారు రాజుగారు బయ్యనని. అంతా తెలిశాక కూడా అడక్కుండా ఉండలేకపోయారు, పాపం.

"అబద్ధం ప్రభూ. ఏటవతలి ఆయనకి కొత్త బిరుదులేమీ రాలేదు. ఆయన కొద్ది కాలంగా గదిలోంచి బయటికే రావడం లేదు."

"ఎందుకని?"

"ఆయనా అన్నం దగ్గరే వేగులవాళ్లని కూర్చోబెట్టుకుంటారు. వాళ్లు తమ పరాక్రమం గురించి చెబుతారు. ఇక్కడ మనకి మంట. అక్కడ ఆయనకి విరేచనాలు."

ఇది నిజమో, బయ్యన అప్పటికప్పుడు అల్లిందో నాకు తెలియదు. రాజుగారు కూడా అడగలేదు. మొదట ఆయన మీసం చివర కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. దబ్బకాయ నిలబడే మీసంతో అనంగభూపతి చెంబు పట్టుకుని పరుగెత్తుతున్నట్టు కళ్లకి కట్టిందేమో, ఇక ఆపుకోలేక పొట్ట పట్టుకుని, స్తంభం పట్టుకుని, చివరికి తిప్పాభొట్లు చెయ్యి పట్టుకుని విరగబడి నవ్వారు. ఆ నవ్వు మధ్యలో, వెనక్కి వెళ్లిపోయిన త్రేన్పు ఈసారి ఎవరి అనుమతీ అడక్కుండా వచ్చేసింది.

అలాంటి త్రేన్పు ఆ కోట ఎప్పుడూ వినలేదు. శంఖంవాడు ఆనందబాష్పాలతో శంఖం పూరించాడు. భద్ర తొండమెత్తి ఘీంకరించింది. కోట నలుమూలలా విస్తళ్లు పరుస్తున్న చప్పుడు లేచింది.

ఆ రోజుతో రాజుగారి మంట చల్లారిపోయిందని నేను చెప్పను, చెబితే మీరూ నమ్మకండి. ఏళ్ల తరబడి పేరుకున్నది ఒక్క నవ్వుతో పోదు. కాని భోజనకొలువు రద్దయ్యింది. ఏటవతలి కబుర్లు పొద్దెక్కక ముందే విని, వినాల్సినవి మాత్రమే విని, ఆ తర్వాత మామిడిచెట్టు దాకా నడిచి వచ్చి అన్నం తినేవారు. పండితుడి చూర్ణాల్లో పనికొచ్చేది ఒకటి ఉంచుకుని, మిగతావి భద్రకి పెడితే అది కూడా వద్దంది. మధ్య మధ్య మంట వచ్చేది. వచ్చినప్పుడు, ఇవాళ ఏం తిన్నాం అని వంటశాలకి కబురు పెట్టడం మానేసి, ఇవాళ ఏం విన్నాం అని తనని తనే అడుక్కునేవారు. కడుపుమంట అనే మాట మీద కొరడా దెబ్బలు కూడా ఎత్తేశారు.

ఆ రోజు సంగతి ఇంకా కాస్త మిగిలి ఉంది. నవ్వు ఆగాక రాజుగారు తన చేతి బంగారు కంకణం తీసి, నరికించబోయిన తిప్పాభొట్లు కుడిచేతికి తొడిగారు. ముసలాయన అప్పుడు ఏడిచాడు. తర్వాత రాజుగారు మెళ్లో ముత్యాలహారం తీసి, ఏడీ మా బయ్యన అని చూస్తే బయ్యన లేడు.

వెతగ్గా వెతగ్గా పంక్తిలో దొరికాడు. శంఖం మోగీ మోగగానే పరుగున వెళ్లి, మొదటి విస్తరి ముందు కూర్చుని, పులుసన్నం కలుపుకుంటున్నాడు. రాజుగారు హారం పట్టుకుని స్వయంగా వచ్చేసరికి పంక్తి అంతా లేచి నిలబడింది. బయ్యన లేవలేదు. రాజుగారు అతని సేవ ఎంత గొప్పదో చెప్పడానికి గొంతు సవరించుకున్నారు.

నిండు నోటితో బయ్యన ఎడమచెయ్యి ఎత్తి ఆపాడు. ముద్ద నిదానంగా నమిలి, మింగి, అప్పుడు అన్నాడు:

"అన్నం దగ్గర రాచకార్యాలు వద్దు ప్రభూ."

రాజుగారు మళ్లీ నవ్వారు. నవ్వుతూనే లేచినవాళ్లందరినీ కూర్చుని తినమని సైగ చేశారు. ముత్తాతల నాటి నుంచి ఆ కోట అంతా రాజుగారి త్రేన్పు కోసం కనిపెట్టుకుని ఉండేది కదా. ఆ పూట రణకేసరి దేవుడు ముత్యాలహారం చేత్తో పట్టుకుని, బయ్యన త్రేన్పు కోసం నిలబడ్డారు.